నీళ్ళ దగ్గరి వరస

ఇంగా లుగొవాయా కాళ్ళకి లండన్‌లో బీమా ఉంది. తలకి లేదు. మంగళవారం మధ్యాహ్నం ఆప్తేకర్‌స్కీ థియేటర్ ఇనప మెట్ల కింద పగిలింది మాత్రం తలే. కాళ్ళు రెండూ చెక్కుచెదరలేదని ఆస్పత్రివాళ్ళు చెప్పగానే బీమా కంపెనీవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. ఎందుకైనా మంచిది, ఒకసారి చూసొచ్చి ప్రమాదమేనని రాసిచ్చెయ్యమని, వాళ్ళకి ఇలాంటి దర్యాప్తులు చేసిపెట్టే నాకు ఫోన్ చేశారు. మనిషికి ఇంకా స్పృహ రాలేదన్న సంగతి ఫోన్ పెట్టేసే ముందు చెప్పారు.

గురువారం పొద్దున నేను వెళ్ళేసరికి ప్రమాదం తయారై ఉంది. గ్లెబ్ బుర్మిన్ దాన్ని టైపు చేయించి, అడుగున సంతకానికి చోటు వదిలి, బల్లకి అవతల ఒక పిల్లని కూర్చోబెట్టుకున్నాడు.

బుర్మిన్‌ని నేను పదిహేనేళ్ళుగా ఎరుగుదును. నేను ప్రాసిక్యూటర్ ఆఫీసులో దర్యాప్తు చేసే రోజుల్లో అతను మిలీషియాలో, అంటే మా పోలీసుల్లో ఉండేవాడు. నేరం ఎవరు చేశారన్న ప్రశ్న అతన్ని ఏనాడూ బాధపెట్టలేదు. ఎవరి పేరు రాస్తే పని తొందరగా తెములుతుందన్నదే అతని ఆలోచన. కర్నల్‌గా రిటైరై ఇప్పుడు ఈ థియేటర్‌లో భద్రతాధికారిగా కుదురుకున్నాడు. బాలే గురించి అతనికి తెలిసిందల్లా అందులో ఎవరూ మాట్లాడరన్నది ఒక్కటే. ఆ పద్ధతి అతనికి బాగా నచ్చింది.

“రండి రండి, రిమ్మా సవేల్యెవ్నా. కళాభిమానం లాక్కొచ్చిందా?” అన్నాడు.

“మీ సాహిత్యాభిమానం చూద్దామని వచ్చాను. ఏం రాశారు?”

“నేను రాయడమేంటి? ఈ అమ్మాయి చెప్పింది, నేను టైపు చేయించాను.”

ఆ అమ్మాయి తాస్యా మిరోంచిక్. పంతొమ్మిదేళ్ళుంటాయి. ఎక్కడో ఉత్తరాన పెచోరా నుంచి పదో ఏట ఇక్కడి బాలే బడికి వచ్చింది. శనివారం మొదలయ్యే ‘ఉప్పు రాణి’ బాలేలో ఇంగాకి ఏమన్నా అయితే ఆమె బదులు ఆడవలసిన పిల్ల. ఇంగాకి ఏమన్నా అయింది. అదే ఈ పిల్ల చేసిన నేరం.

బుర్మిన్ కథ చాలా తేలిగ్గా ఉంది. పై అంతస్తులో రిహార్సల్ హాలు చెక్క నేల. అడుగు జారకుండా ప్రతి క్లాసుకి ముందు దాని మీద పూలకుండీలకి పోసే క్యానుతో నీళ్ళు చిలకరిస్తారు. చిన్నవాళ్ళు వంతులేసుకుని చేసే పని అది. మంగళవారం తాస్యా వంతు. హాలు వెనక తలుపు తీస్తే కిందికి ఇనప మెట్లు. తాస్యా పరధ్యానంలో మొదటి మెట్టు మీద కూడా నీళ్ళు ఒలకబోసింది. ఒంటిగంటకి ఇంగా దిగబోయి జారింది. నిర్లక్ష్యం వల్ల జరిగిన ప్రమాదం. సంతకం పెడితే అయిపోతుంది.

“జైలూ గియిలూ ఏం ఉండవు. థియేటర్‌లోంచి తీసేస్తారు, అంతే,” అన్నాడు బుర్మిన్ దయగా.

అంతే! తొమ్మిదేళ్ళు కాళ్ళు వంచి, నడుం వంచి, అన్నం తినబోతే కంచం లాగేసి, ఈ ఒక్క పని తప్ప ఇంకేదీ చేతకాకుండా పెంచిన పిల్లకి అంతే. ఆ కాగితం మీద సంతకం పడితే ఈ దేశంలో ఏ థియేటర్ గుమ్మమూ ఎక్కనివ్వరు. పెచోరా వెళ్ళి రైల్వే క్యాంటీన్‌లో సూప్ పోస్తూ బతకాలి. నాకు ఒళ్ళు మండింది.

“మెట్టు మీద నీళ్ళు పోశావా?” అని తాస్యాని అడిగాను.

“లేదండి.”

“ఇందాక గుర్తు లేదన్నావుగా!” అన్నాడు బుర్మిన్.

“మొదట పోయలేదనే చెప్పానండి. ఈయన పొద్దుట్నుంచీ అదే అడుగుతుంటే పోశానేమోనని నాకే అనుమానం వస్తోంది,” అంది ఆ పిల్ల, తలెత్తకుండా.

“ఎన్నింటికి చల్లావు?”

“పదకొండింటికండి. ఇంగా బొరీసొవ్నా రాకముందు. తర్వాత కిందికెళ్ళి దుస్తుల గదిలో పడుకున్నాను. ఎవరూ చూడలేదు.”

“గ్లెబ్ పాన్‌ఫిలొవిచ్, ఆ హాలు కప్పు కింద ఉంది. గోడల పొడుగునా వేడి గొట్టాలు. అక్కడ చల్లిన నీళ్ళు ఒక కప్పు టీ తాగేలోపు ఆరిపోతాయి. అందుకే మాటిమాటికీ చల్లుతారు. పదకొండింటి నీళ్ళ మీద ఒంటిగంటకి ఎలా జారింది?”

“ఇనుము మీద ఆరవు.” అతనికి జవాబు లేకపోవడం అంటూ ఎప్పుడూ ఉండదు.

“సరే. ఆమె కాళ్ళకున్న షూస్ ఏవి?”

ఆస్పత్రివాళ్ళు విప్పిచ్చిన షూస్, ఉన్ని శాలువా ఒక ప్లాస్టిక్ సంచిలో అతని అలమరలోనే ఉన్నాయి. సాక్ష్యం భద్రపరిచానని గొప్పగా తీసిచ్చాడు. భద్రపరిచాడు కాని చూడలేదు. నేను షూస్ తిరగేసి అడుగు చూశాను. జారకుండా రాసుకునే జిగురు పొడి తెల్లగా అంటుకుని ఉంది. ఇంకేమీ లేదు. శాలువా విప్పాను. వీపు పొడుగునా ఎర్రటి చారలు.

“పదండి పైకి. నువ్వూ రా అమ్మా, నీ పాత షూ ఒకటి పట్టుకుని,” అన్నాను.

రిహార్సల్ హాలు నేల చదునుగా ఉండదు. కింద స్టేజీ ఎంత వాలుగా ఉంటుందో ఇదీ అంతే వాలు. అద్దాల గోడ వైపు పల్లం, మెట్ల తలుపు వైపు మెరక. ఒకప్పుడు ఇక్కడ డాన్సర్‌గా పన్నెండేళ్ళు ఆ మెరక మీదే నిలబడ్డాను గనక నా పిక్కలు వెంటనే గుర్తుపట్టాయి. పియానో పక్కన ఇంగా ఉన్ని బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి. మెట్ల తలుపు బయటికి తోసి, నా తెల్ల జేబురుమాలు పై మెట్టు మీద రాశాను. ఎర్రగా వచ్చింది. రంగు వేసి ఎన్నేళ్ళయిందో ఆ ఇనుముకే తెలియాలి, పొడి పొడిగా తుప్పు రాలుతోంది. తాస్యా పాత షూ తీసుకుని అదే మెట్టు మీద ఒక్కసారి లాగాను. అడుగున ఇంత మందాన ఎర్ర చార.

“తుప్పు. అయితే?” అన్నాడు బుర్మిన్.

“ఇక్కడ ఏ డాన్సరూ షూస్‌తో ఈ మెట్లు దిగదు, తుప్పుకి పాడైపోతాయని. వాటి మీద ఉన్ని బూట్లు తొడుక్కుని దిగుతారు. ఇంగా బూట్లు పియానో దగ్గరే ఉన్నాయి. అంటే ఆమె దిగుదామనే అనుకోలేదు. పోనీ మర్చిపోయి దిగిందనుకోండి, జారిందనుకోండి. జారిన కాలు ముందు మెట్టుని గీకాలిగా? షూ అడుగున తుప్పు రవ్వంత లేదు. ఉన్నది శాలువా వీపు మీద. ఆమె ఈ మెట్టు మీద అడుగే పెట్టలేదు. ఈ గుమ్మం దగ్గర ఇటు తిరిగి ఉన్న మనిషి వెల్లకిలా వెళ్ళిపోయింది. ఎవరో తోశారు.”

చెప్పడం అయ్యాక నాకు నా మీద నాకే ముచ్చటేసింది. బుర్మిన్ కాసేపు మెట్ల కిందికి చూశాడు. తర్వాత మెల్లగా అతని మొహం వెలిగింది.

“ఎవరో తోశారు! నిజమే, నాకు తట్టలేదు సుమా. ఇంతకీ శనివారం ఆవిడ లేకపోతే ఎవరు ఆడాలి, రిమ్మా సవేల్యెవ్నా?”

నేను తుప్పు మరకల జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

“నేనేదో ఉద్యోగంతో పోనిద్దామనుకున్నాను. మీరొచ్చి పాపం ఈ పిల్లని జైలు దాకా తీసుకెళ్ళారు. ఏమంటారు దాన్ని, హత్యాయత్నం కదూ? మూడింటికి జిల్లా నుంచి దర్యాప్తు అధికారి వస్తున్నాడు. కాగితం మళ్ళీ టైపు చేయించాలి.” తాస్యా చేతిలోంచి పాత షూ తీసుకుని సంచిలో వేసుకున్నాడు. “ఇది కూడా ఉంచుతాను. మీ సలహా చాలా విలువైనది.”

తాస్యా నావైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా తెలివి చూపించుకోవాలని ఆ పిల్ల కొంప ముంచాను. బుర్మిన్ ఎంత గడ్డి తినే రకమో తెలిసి కూడా అతని ముందే అంతా విప్పి చెప్పాను.

వాదిమ్ లార్స్కీ గది రెండంతస్తుల కింద. ఈ థియేటర్ బాలే అంతా అతని చేతిలో ఉంది. నేనూ అతనూ ఒకే బడిలో, ఒకే సంవత్సరం చదివాం. తర్వాత అతను ముందుకి వెళ్ళాడు, నేను వెనక్కి వెళ్ళాను.

“రిమ్కా! నీళ్ళ దగ్గరి నుంచి ఇంత దూరం వచ్చేశావే!” అని చేతులు చాచాడు.

నీళ్ళ దగ్గర అంటే మా వాళ్ళలో తిట్టు కిందే లెక్క. స్టేజీ వెనక తెర మీద సరస్సు బొమ్మ వేసి ఉంటుంది. అందరికంటే వెనక వరస ఆ బొమ్మనీళ్ళని ఆనుకుని నిలబడుతుంది. ప్రేక్షకులకి మొహాలు ఆనవు. నేను పన్నెండేళ్ళు అక్కడే నిలబడి, ముప్ఫయ్యో ఏట సాయంత్రం కాలేజీలో లా చదివి బయటపడ్డాను. లార్స్కీ అప్పటికి ఇంగా నడుం పట్టుకుని గాల్లోకి ఎత్తుతూ దేశమంతా తిరుగుతున్నాడు. ఎత్తినవాడి పేరు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఎనభైమూడులో ఇంగా విదేశీ పర్యటనకి వెళ్ళి వెనక్కి రాలేదు. ఇతను తిరిగొచ్చి, ఆమె మీద అధికారులడిగిన కాగితాల మీదల్లా సంతకాలు పెట్టి, ఈ కుర్చీ సంపాదించుకున్నాడు.

ఇప్పుడు అదే ఇంగా నిలువెత్తు పోస్టర్ అతని వెనక గోడ మీద నవ్వుతోంది. లండన్‌లో ఏడేళ్ళు ప్రధాన నర్తకి, తర్వాత పారిస్, న్యూయార్క్. టోక్యోలో చాక్లెట్ డబ్బాల మీద ఆమె బొమ్మ. నాలుగు భాషల్లో థాంక్యూ చెప్పడం నేర్చుకుంది, మోకాళ్ళలో నాలుగు దేశాల సూదులు పొడిపించుకుంది. చివరికి ముప్ఫై ఎనిమిదేళ్ళకి పుట్టింటి మీద ప్రేమ పుట్టుకొచ్చి ఇక్కడ ఊడిపడింది. ఆమెని కూడా నేనేం నెత్తిన పెట్టుకోలేదు. థియేటర్‌కి వచ్చిన మొదటి సంవత్సరం నా పక్కనే నిలబడ్డ పిల్ల, ముందు వరసకి మారాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

“మంగళవారం ఒంటిగంటకి ఎక్కడున్నావు?”

“ఇక్కడే. టోక్యోవాళ్ళతో ఫోన్లో. వాళ్ళకి సెలవు చెప్పడానికే పావుగంట పడుతుంది.” టీలో నిమ్మకాయ ముక్కని చెంచాతో నొక్కుతూ చెప్పాడు.

“మీ సెక్రటరీ?”

“భోజనానికి వెళ్ళింది. అందరూ వెళ్తారు ఆ టైముకి. నేరాలు చేసేవాళ్ళు తప్ప.”

“ఇంగా పైన ఏం చేస్తోంది?”

“నన్నడిగితే? లోపల గడియ పెట్టుకుంది మహారాణి. పియానో ఎస్ఫిర్‌ని ఒక్కదాన్నే రానిచ్చింది. రాణి పాత్ర ఆఖరి నృత్యం ఏదో మార్చుకుంటోందట. యాభై ఏళ్ళుగా ఉన్న ముగింపు ఈవిడకి నచ్చలేదు. చూపించమంటే, శనివారం అందరితో పాటు చూడు వాదిమ్ అంది.”

“అయితే నువ్వు చూడలేదు.”

“చూడలేదు.”

“ఆ ముగింపు ఒక్కసారి కూడా?”

“ఎన్నిసార్లు చెప్పాలి? చూడలేదు, చూడనక్కర్లేదు కూడా. గింగిరాలు తిరగలేని మనిషి గింగిరాలు తీసేస్తుంది, దానికి కళ అని పేరు పెడుతుంది. నాకు తెలీని విద్యా అది?”

“శనివారం తర్వాత ఈ కుర్చీ ఆమెకి ఇస్తారని మంత్రిత్వ శాఖలో అనుకుంటున్నారట.”

చెంచా ఆగింది. మళ్ళీ తిరిగింది.

“నీళ్ళ దగ్గరివాళ్ళకి ఇలాంటివి బాగా వినపడతాయి. వేరే పనుండదుగా. బుర్మిన్ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాడు. నన్నడిగితే ఆ పిల్లే తోసి ఉంటుంది. ఈ కాలం వాళ్ళకి ఓపిక లేదు. మనం ఎదురుచూశాం.”

“నువ్వు ఎదురుచూశావు. నేను వెళ్ళిపోయాను.”

ఎస్ఫిర్ నౌమొవ్నా క్యాంటీన్‌లో కట్లెట్ తింటూ కనిపించింది. డెబ్భై దాటిన మనిషి. ఈ థియేటర్‌లో ఎవరినైనా ఆమె మెచ్చుకోగా విన్నవాళ్ళు లేరు. డాన్సర్లని గుర్రాలంటుంది, సంగీతం విని కాదు, కొరడా విని కదులుతారని. తాస్యాని నా పక్కనే కూర్చోబెట్టాను. బుర్మిన్‌కి వదిలే ధైర్యం లేకపోయింది.

“మంగళవారం ఇంగా ఏం చేసిందో చెప్పండి.”

“పాత ముగింపు నీకు తెలుసుగా. స్టేజీ మూల నుంచి గింగిరాలు తిరుగుతూ పల్లానికి, జనం మీదికి దూసుకొస్తుంది. చప్పట్లు. గుర్రాలకి ఆ ఒక్కటీ చాలు.” ఫోర్క్ కింద పెట్టింది. “అదంతా తీసేసింది. జనం వైపే చూస్తూ వెనక్కి నడిచింది. మెరక ఎక్కుతూ, మెల్లగా, ఆఖరి గోడ దాకా. అక్కడ మోకాలు ఆనించి, చెయ్యి కిందికి దించింది. మీ నీళ్ళు ఉంటాయే, వాటిలో చెయ్యి పెట్టినట్టు. అంతే. ఏం లేదు అందులో. నేను ఎక్కడ వాయిస్తున్నానో మర్చిపోయానమ్మా. నలభై ఏళ్ళలో ఎప్పుడూ మర్చిపోలేదు.”

ప్రపంచమంతా ముందు నిలబడ్డ మనిషి, ఆఖరికి నేను నిలబడ్డ చోటికి నడిచి వచ్చింది. ఆమెని తిట్టుకోవడం నాకు కష్టమైపోయింది, అదో చిరాకు.

“మీరెప్పుడు వెళ్ళిపోయారు?”

“ఒంటిగంటకి కాస్త ముందు. ఆకలేసింది. తను ఇంకోసారి చూసుకుంటానంది. నా వెనక గడియ పెట్టిందో లేదో నేను చూడలేదు.”

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ ముగింపు చూసినవాళ్ళు ఎస్ఫిర్, ఇంగా, తర్వాత ఆ హాల్లోకి వచ్చిన మనిషి. తెలిసిన సంగీతం వినపడితే డాన్సర్ చేతులు ఊరుకోవు. ఒళ్ళు అలిసినప్పుడు అడుగుల బదులు వేళ్ళతో లెక్క చూసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. గింగిరాలకి వేలు గుండ్రంగా తిరుగుతుంది. వెనకడుగుకి అరచెయ్యి వెనక్కి వెళుతుంది. మనసు అబద్ధం చెప్పినా చేతులకి ఆ తెలివి ఉండదు. లార్స్కీని పియానో ముందు నిలబెడితే చాలు.

రెండున్నరకి అందరం హాల్లో ఉన్నాం. లార్స్కీ అద్దానికి ఆనుకుని నిలబడ్డాడు. బుర్మిన్ కొత్తగా టైపు చేయించిన కాగితం చేతిలో ఊపుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఎస్ఫిర్ వాయించింది. నేను లార్స్కీ చేతుల వైపు చూశాను.

రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉన్నాయి.

“నా చేతుల కోసమేనా, రిమ్కా?” సంగీతం ఆగాక నవ్వాడు. “నేనూ అదే బడిలో చదివానమ్మా. నీకంటే కాస్త బాగా.”

“చేతులేంటి?” అని అడిగాడు బుర్మిన్.

“ఈవిడ గారు జాతకం చెబుదామనుకున్నారు,” అన్నాడు లార్స్కీ. ఇద్దరూ కలిసి నవ్వారు. బుర్మిన్‌కి ఎందుకో తెలియకపోయినా నవ్వాడు. నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కింద కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

“ఇక కానిద్దామా, పిల్లా? ఆయన వచ్చేలోపు సంతకం పెట్టేస్తే నీకే మంచిది,” అని బుర్మిన్ పెన్ను తీశాడు.

తాస్యా పెన్ను తీసుకుంది. కాగితం వైపు చూడలేదు, నేల వైపు చూసింది.

“ఒక్కసారి ఆ ముగింపు చేసి చూడనా అండీ? ఎస్ఫిర్ నౌమొవ్నా చెప్పినట్టు. మళ్ళీ నన్ను ఇక్కడికి రానివ్వరుగా.”

“ఎందుకూ?” అన్నాడు బుర్మిన్.

“ఊరికే.”

అతను గడియారం చూసుకుని భుజాలెగరేశాడు. తాస్యా పెన్ను పియానో మీద పెట్టింది. మూలనున్న క్యాను తెచ్చి నేలంతా చిలకరించింది. ఏ నీళ్ళ మీద తనని జైలుకి పంపబోతున్నారో ఆ నీళ్ళే, వంతు తప్పకుండా. మాలో ఉన్న మందమతితనం అది. ఉరికంబం ఎక్కించబోయినా ముందు చెక్క జారుతుందేమో చూసుకుంటాం.

ఎస్ఫిర్ మొదలుపెట్టింది. తాస్యా మధ్యలో నిలబడి, మా వైపే చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మొదటి రెండడుగులు బడిపిల్లలా వేసింది. తర్వాత ఏమైందో, భయం ఎటో పోయింది. మెరక ఎక్కుతూ చిన్నదైపోతూ వెళుతోంది. మెట్ల తలుపు దాకా వెళ్ళింది. కుడి మోకాలు నేలకి ఆనించింది. చెయ్యి కిందికి దించబోయింది.

లార్స్కీ నాలుక చప్పరించాడు.

“ఎడమ!”

తాస్యా ఆగిపోయింది.

“కుడి కాదు, ఎడమ మోకాలు! కుడిది ఆనిస్తే భుజం అడ్డం వస్తోంది, కనపడటం లేదా? కుడి మోకాలు పట్టేసిందనేగా తను ఎడమకి మార్చుకుంది, అప్పుడే కదా ఆ చెయ్యి అంత పొడుగ్గా...”

జేబుల్లోంచి చేతులు ఎప్పుడు బయటికి వచ్చాయో అతనికి తెలియదు. ఎడమ చెయ్యి మోకాలిలా మడిచి, కుడి చెయ్యి నీళ్ళలోకి దించుతూ చూపిస్తున్నాడు. చాలా అందంగా చూపిస్తున్నాడు.

పియానో ఆగింది.

“నేనున్నంతసేపూ కుడి మోకాలే, వాదిమ్. ప్రతిసారీ కుడిదే,” అంది ఎస్ఫిర్ నౌమొవ్నా. “మార్చుకుని ఉంటే నేను వెళ్ళాకే మార్చుకుని ఉండాలి.”

లార్స్కీ చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. నేను నెమ్మదిగా మెరక ఎక్కి, తాస్యాకీ మెట్ల తలుపుకీ మధ్య వెళ్ళి నిలబడ్డాను.

“చూశావన్నమాట,” అన్నాను.

అతను నా వైపు చూడలేదు. మొహంలో రక్తం లేదు, అయినా కళ్ళు ఇంకా ఆ పిల్ల మోకాలి మీదే ఉన్నాయి.

“ముందు తలుపు సందులోంచి,” అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. “అది చేస్తుందని నేననుకోలేదు. నాకు చూపించకుండా... అంత బాగా...”

“ఏమైంది? ఎందుకాపారు? ఏ మోకాలైతే ఏంటి?” అని బుర్మిన్ కుర్చీలోంచి లేచాడు. కారిడార్లో అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

లార్స్కీ గొంతు సవరించుకున్నాడు. పదిహేనేళ్ళుగా ఈ హాల్లో పిల్లలని వణికించిన గొంతు అది, కొంచెం బొంగురుపోయింది.

“మిరోంచిక్. ఇంకోసారి. మధ్య నుంచి.”

తాస్యా నా వైపు చూసింది. అతనేం చేశాడో ఆ పిల్లకి అర్థమైంది, కళ్ళలో కనిపిస్తూనే ఉంది. తన మీదికి హత్యాయత్నం నెట్టినవాడు, ఇదే గుమ్మంలోంచి ఒక మనిషిని కిందికి తోసినవాడు తన తప్పు దిద్దుతున్నాడు. వద్దని తల ఊపాను. ఆ పిల్ల లేచి, లంగా దులుపుకుని, మధ్యకి వెళ్ళి నిలబడింది. ఎస్ఫిర్ నౌమొవ్నా, తిట్టుకుంటూనే, వాయించింది.

ఈసారి తాస్యా ఎడమ మోకాలు ఆనించింది. భుజం అడ్డం రాలేదు. చెయ్యి పొడుగ్గా కిందికి వెళ్ళింది, ఎంత దూరం వెళ్ళాలో అంత దూరం.

అతను చెప్పిందే సరైనది. ఆ సంగతి ఆ హాల్లో బుర్మిన్‌కి తప్ప అందరికీ తెలిసింది.